తాళం వేసి ఉంటే ఖాళీ ఇల్లు అయిపోతుందా?

రాత్రి డ్యూటీ ముగించుకుని గదికి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోను చేతిలోకి తీసుకున్నాను. కువైట్‌లో పొద్దున ఎనిమిది, కాకినాడలో పదిన్నర. మా మరదలి వాట్సాప్ స్టేటస్‌లో ఎవరో పెళ్లికూతురికి నలుగు పెడుతున్న ఫొటోలు. పీట మీద అమ్మాయి, చుట్టూ ముత్తైదువులు, పసుపు గిన్నె. ఎవరి పెళ్లో అనుకుంటూ రెండో ఫొటో చూశాను. అమ్మాయి వెనక వేలాడుతున్న కర్టెను నాది. ఇక్కడి శుక్రవారం సంతలో కొని, పెట్టెలో బట్టల మధ్య మడిచి తీసుకెళ్లిన ఆకుపచ్చ పువ్వుల కర్టెను. మూడో ఫొటోలో మా అమ్మ నవారు మంచం. దాని మీద ముక్కూ మొహం తెలియని నలుగురు మగవాళ్లు కూర్చుని టిఫిను తింటున్నారు. మంచం పట్టె మీద ఎవరిదో తడి తువ్వాలు.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. నా ఇంట్లో పెళ్లి జరుగుతోంది, నాకు తెలియదు.

మరదలికి ఫోను చేశాను. "శుభకార్యం కదా వదినా, సెక్రటరీ గారు అడిగితే కాదనలేకపోయాను. పెళ్లివారికి చోటు చాలలేదట. మీ ఇల్లు ఎలాగూ ఖాళీగానే ఉందిగా" అంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి చేశాను. ఆయన ఇంకా హాయిగా మాట్లాడారు. "అదేమిటమ్మా, ఆడపిల్ల పెళ్లి. మీ ఇంట్లో పసుపు కుంకుమ పడితే మీకే మంచిది. మేమేమైనా ఎత్తుకుపోతామా?"

ఇంక నేనేం మాట్లాడను? ఆడపిల్ల పెళ్లి అనేశాక కాదన్నవాళ్లు రాక్షసులు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. మంచం మాత్రం లోపలి గదిలో పెట్టి తలుపు వేయండి, మిగతా ఇల్లు వాడుకోండి అనేదాన్ని. ఒక్క మాట అడగలేదు. నెలనెలా 1,200 రూపాయల మెయింటెనెన్స్ ఒకటో తారీఖు దాటకుండా పంపుతాను. ఒక్క బిందె నీళ్లు వాడకుండా మోటారు రిపేరుకు నా వాటా కడతాను. డబ్బు కావాలంటే నా నంబరు అందరికీ గుర్తుంటుంది. ఇంట్లోకి పది మందిని దింపేటప్పుడు మాత్రం ఆ నంబరు ఎవరికీ గుర్తు రాదు.

ఖాళీ ఇల్లు, ఖాళీ ఇల్లు! ఆ మాట వింటేనే ఒళ్లు మండిపోతోంది. ఆ ఇంట్లో నా బీరువా ఉంది. గ్యాసు పొయ్యి ఉంది. దిండు గలీబులు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. మా అమ్మ ఫొటో ఉంది. వంటింట్లో ఉప్పు డబ్బా, చింతపండు డబ్బా మూతలు బిగించి ఉన్నాయి. ఏడాదికి ముప్పై రోజులు నేను అక్కడ బతుకుతాను, మిగతా పదకొండు నెలలు ఆ ముప్పై రోజుల కోసం ఇక్కడ బతుకుతాను. అది ఖాళీ ఎలా అవుతుంది?

2021లో కొన్నాను. కాకినాడలో సర్పవరం వైపు, పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, 640 చదరపు అడుగులు. 19 లక్షలు. పన్నెండేళ్లు నర్సుగా రాత్రీ పగలూ చేసిన డబ్బు అది. అమ్మినాయన సగం నగదుగా ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. ప్రతి రూపాయీ నా ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకు మన బ్యాంకులు ఇచ్చే ఖాతా) నుంచే వెళ్లింది. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. 19 లక్షల మీద 1,42,500 రూపాయలు. సెలవు దొరకలేదు కాబట్టి తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ఇక్కడ రాయబార కార్యాలయంలో అధికారి ముందు సంతకం చేసి కొరియర్‌లో పంపాను. అది దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల లోపల స్టాంపు వేయించాలి, లేకపోతే చెల్లదు. ఆ మూడు నెలలూ నాకు సరిగా నిద్ర లేదు. తమ్ముడు తిరిగాడు, కాదనను. ఎండలో స్కూటరు మీద నాలుగు సార్లు తిరిగాడు. అందుకే తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచాను.

కొన్నప్పటి నుంచీ ఒకటే పాట. ఇంత చిన్నదా? లిఫ్టు లేదా? ఆ డబ్బుతో స్థలం కొని ఉంటే ఈపాటికి రెట్టింపు అయ్యేది! నాతో పనిచేసే వాళ్లలో ఒకరు విశాఖలో ప్లాటంటారు, ఇంకొకరు హైదరాబాద్ చుట్టూ వెంచర్లంటారు. నేను రేపు అమ్ముకోవడానికి కొనలేదని ఎన్నిసార్లు చెప్పాలి? అమెరికా వెళ్లిన వాళ్లకు గ్రీన్‌కార్డు ఆశ ఉంటుంది, ఎన్నాళ్లకో పౌరసత్వం ఉంటుంది, అక్కడే ఇల్లు కొనుక్కుంటారు. మాకు ఇక్కడ ఏముంది? ముప్పై ఏళ్లు పనిచేసినా మాలాంటి వాళ్లు గుప్పెడు జాగా కొనుక్కునే వీలు లేదు. ఉద్యోగం ఉన్నంత కాలమే అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి. అది రద్దయిన రోజు పెట్టె సర్దుకోవాల్సిందే. గల్ఫులో ఉన్న వాళ్లందరికీ ఒక రోజు తిరుగు ప్రయాణం రాసిపెట్టి ఉంది. ఆ రోజు దిగి ఎక్కడికి వెళ్లాలి?

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆయన ఇక్కడే డ్రైవరు. ఎడారి దాటి అమ్మాన్ చేరి, మన ప్రభుత్వం నడిపిన విమానాల్లో బొంబాయిలో దిగారు. అప్పుడు అలా లక్షన్నర మందికి పైగా వెనక్కి వచ్చారు. చేతిలో ఒక సంచి, అంతే. కానీ అంతకు ముందు ఏడాదే ఊళ్లో రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. సంచి దించుకోవడానికి నాకు అరుగు ఉందమ్మా అనేవారు. నా గదిలో ఉండే ఒకావిడకు ఆ అరుగు కూడా లేదు. 2020లో ఉద్యోగం పోయి, వందే భారత్ విమానంలో వెళ్లింది. క్వారంటైన్ పూర్తి చేసుకుని అన్నయ్య ఇంటికి వెళితే, పిల్లలున్న ఇల్లు కదమ్మా, ఇంకెక్కడైనా ఉండు అన్నారు. ఆ ఇంటి మీద గది వేయడానికి డబ్బు పంపింది ఈవిడే. ఫోనులో ఆవిడ ఏడుపు విన్నాక నేను ఫ్లాట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను.

పొలం కొనుక్కోవాలని ఉండేది. మాది కోనసీమ, నాన్న కౌలు రైతు. అర ఎకరం సొంత పొలం ఆయన కల. కానీ విదేశంలో ఉండే భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదని విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధన. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొనకూడదు. కౌలు రైతు కూతురికి వారసత్వంగా ఏ భూమి వస్తుంది? బిల్డరు అయితే మా లాంటి వాళ్లకు పది ఫ్లాట్లు అమ్మినా తప్పు లేదు, అర ఎకరం వరి చేను మాత్రం తప్పు.

అద్దెకు ఇచ్చుకోవచ్చుగా అని సలహా. ఇస్తే నా సెలవుకు నేను ఎక్కడ దిగాలి? పైగా ఇంటి యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్న వాళ్లే 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఆరు వేల అద్దెకు ఈ తలనొప్పి ఎవరు పడతారు? అమ్మాలన్నా అంతే. దేశంలో ఉండే వాళ్లు 50 లక్షల లోపు ఇల్లు అమ్మితే కొన్నవాళ్లు పన్ను కోయనక్కర లేదు. నాది 19 లక్షల ఇల్లయినా కోయాల్సిందే. 2024 బడ్జెట్‌లో మూలధన లాభాల పన్ను, అంటే అమ్మితే వచ్చే లాభం మీద పన్ను, మార్చినప్పుడు, ఆ జూలై 23కు ముందు ఇల్లు కొన్న వాళ్లకు పాత లెక్కో కొత్త లెక్కో ఏది తక్కువైతే అది కట్టుకోమని వీలు ఇచ్చారు. ఎవరికి? దేశంలో నివసించే వాళ్లకే. అదే మెట్లు, అదే గోడ. పక్క ఫ్లాటు ఆయనకు ఒక లెక్క, నాకు ఒక లెక్క. మేము పంపే డబ్బు గురించి మాత్రం సభల్లో చప్పట్లు కొడతారు.

సరే, ఇవన్నీ పక్కన పెట్టండి. నన్ను నిజంగా కోసేది ఆ మంచం.

మా ఊళ్లో మాకు ఎనిమిది సెంట్ల స్థలంలో పెంకుటిల్లు ఉండేది, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు. 2011లో వాన కారుతోందంటే డబ్బు పంపి పైకప్పు నేనే వేయించాను. నాన్న పోయాక, 2016లో నేను సెలవుకు వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం భోజనాలు అయ్యాక తమ్ముడు కాగితాలు తెచ్చాడు. హక్కు విడుదల దస్తావేజు. "నీకెందుకక్కా, నువ్వు అక్కడ సంపాదించుకుంటున్నావుగా" అన్నాడు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అవన్నీ నాకు తెలుసు. తెలిసే సంతకం చేశాను. అమ్మ నా మొహం చూస్తూ కూర్చుంది, నేను గొడవ పడితే ఆమె వాడి ఇంట్లో బతకాలి. ఆరు నెలల్లో ఇల్లు అమ్మేశారు. నేను అడిగింది ఒక్కటే, ఆ నవారు మంచం. నన్ను కన్నది ఆ మంచం మీదే అని అమ్మ చెప్పేది.

2019 నవంబరులో అమ్మ పోయింది. పన్నెండు రోజుల సెలవు ఇచ్చారు. తమ్ముడి ఇంట్లో దిగాను. మొదటి రోజు నా పెట్టె ముందు గదిలో ఉంది. చుట్టాలు వచ్చారని రెండో రోజు వంటింటి పక్కకు జరిపారు. పెద్దకర్మ నాటికి అది మేడ మెట్ల కింద ఉంది. రోజూ ఎవరో ఒకరు అడిగేవారు, "తిరుగు ప్రయాణం ఎప్పుడు?" ప్రేమగానే అడిగారు, నిజమే. కానీ తల్లి పోయిన మనిషిని, ఆమె పుట్టి పెరిగిన జిల్లాలో నిలబెట్టి, ఎప్పుడు వెళతావని రోజూ అడుగుతారా? రాత్రి మెట్ల దగ్గర కూర్చుని, చీకట్లో పెట్టె తెరిచి చీర వెతుక్కున్నాను. ఇంట్లో వాళ్లు లేస్తారేమోనని దీపం వేయలేదు.

ఆ 19 లక్షలు నేను ఆ దీపం కోసం పెట్టాను. అర్ధరాత్రి ఎవరినీ అడగకుండా దీపం వేసుకోవడానికి. గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి, ఆటో అతనికి చిరునామా చెప్పేటప్పుడు ఫలానా వారి ఇంటి దగ్గర అనకుండా మా ఇంటి దగ్గర అనడానికి. పెట్టె ఒక చోట పెడితే అది అక్కడే ఉండడానికి. ఇది మా మరదలికి అర్థం కాకపోవచ్చు, ఆమె పెట్టెను ఎవరూ మెట్ల కిందికి జరపలేదు. సెక్రటరీ గారికి అసలే అర్థం కాదు. కానీ తమ్ముడికి అర్థం కావాలి కదా! ఆ మంచం ఎవరిదో వాడికి తెలుసు కదా! వాడూ ఆ ఫొటోలో ఉన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, ఆ నలుగురికీ మంచినీళ్లు అందిస్తున్నాడు.

మధ్యాహ్నం వాడే ఫోను చేశాడు. "చిన్న విషయానికి ఇంత చేస్తావేమిటక్కా? రేపు పెళ్లి అయిపోగానే మనిషిని పెట్టి ఇల్లంతా కడిగిస్తాను" అన్నాడు. కడిగించవద్దన్నాను. పెళ్లివారు వెళ్లాక తలుపు వేసి, పాత తాళం మీద ఇంకో తాళం వేసి, రెండు తాళంచెవులూ కింద అంతస్తులో ఉండే టీచరమ్మ గారికి ఇమ్మన్నాను. ఆవిడకు ఫోను చేసి చెప్పాను, ఒప్పుకున్నారు. వచ్చే నెల నా సెలవు. గచ్చు మీద పసుపు ఎంత ఎండిపోయినా సరే, ఎవరూ ముట్టుకోవద్దు. నేనే వచ్చి కడుక్కుంటాను.