తప్పనిసరి సరే, ఎలా చెబుతారన్నదే ప్రశ్న

కంప్యూటింగ్‌ని, అంటే ప్రోగ్రాములు రాయడం లాంటివి నేర్పే సబ్జెక్టుని, బడిలో తప్పనిసరి చేస్తే పిల్లలకు భారం అంటున్నారు, నాకైతే దాన్ని బట్టీ సబ్జెక్టుగా మార్చడమే అసలు భారం అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 2014లో ఐసీటీ అనే పాత కంప్యూటర్ సబ్జెక్టు తీసేసి 5 ఏళ్ల వయసు నుంచే కంప్యూటింగ్ పెట్టారు, సాఫ్ట్‌వేర్ వాడటం ఒక్కటే నేర్పితే చాలదని. మా అమ్మాయి స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీయబోయి 60 డిగ్రీలు తిప్పమని ఇచ్చింది, మూడు గీతలూ కలవలేదు, అరగంట తల గోక్కుని, తిప్పాల్సింది లోపలి కోణం కాదు బయటిది, 120 అని తనే పట్టుకుంది. లెక్కల క్లాసులో ఎప్పుడో విన్న పాఠమే మరి! అందుకే తప్పనిసరి చేయమనే నేనూ అంటాను, కాకపోతే చిన్న క్లాసుల్లో రాతపరీక్ష వద్దు. కీబోర్డు ముట్టనివ్వకుండా 'కంప్యూటర్ భాగాలు రాయుము' అని 5 మార్కుల ప్రశ్న ఇచ్చేటట్టయితే మాత్రం ఆ పీరియడ్ ఆటలకిచ్చేయండి, పిల్లలు దండం పెడతారు.