ఒక్క లైనే కదండీ!

"ఒక్క లైనే కదండీ, ఓకే కొట్టేయండి!" లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, పంపేవాళ్లది, వాటిని సరిచూసే నాతో రోజూ ఇదే పాట. ఆ లైనేమో కెర్నల్‌లో ఏవేవి చేర్చాలో ఎంచుకునే కేకాన్ఫిగ్ ఫైల్లో 'డిఫాల్ట్ వై', అంటే ఎవరూ ఏమీ చెప్పకపోతే 'ఎస్, చేర్చెయ్' అని. ఎవరి దగ్గరో ఉన్న చిప్ డ్రైవర్, అడక్కుండానే అందరి కెర్నల్‌లోకీ దూరాలా? ఆ లైను తీసేస్తే 'ఎన్' (నో, వద్దు) అవుతుంది, కావలసినవాళ్లు 'ఎమ్' పెట్టి మాడ్యూల్‌గా, అంటే అవసరమైనప్పుడు లోడయ్యే విడి ముక్కగా, వాడుకుంటారు కదా! లాకుల దగ్గర తలుపు ఒక్కటే కదా అని ఎత్తేస్తే ఎవరి చేలు మునుగుతాయి?

ఎందుకు మార్చారయ్యా అంటే "ఫిక్స్" అని ఒక్క ముక్క. ట్యాబ్ ఉండాల్సిన చోట ఎనిమిది స్పేసులు! ఇలాంటి తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపరు. నేను చెబితే మాత్రం చాదస్తం. అమలాపురంలో కరెంటు పోయి, ఇన్వర్టర్ కీచుమంటుంటే, పెరట్లో దింపు కాయలు దబదబా పడుతుంటే, ఆ స్పేసులు లెక్కపెడుతున్నాను.

ఇదిగో, అదే ప్యాచ్ దిద్ది పంపిన వెర్షన్ 4 వచ్చింది. మళ్లీ స్పేసులే.