మత్తు, షాకు, కట్లు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

"మానసిక వైద్యమంటే మత్తు మందులు, కరెంటు షాకులు, కట్టేయడం. ఒక్క మాత్ర మింగితే చాలు, ఇక జీవితాంతం వదలదు. చావు గురించి అడిగితే ఆ ఆలోచన ఇంకా బలపడుతుంది." ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ ఇది. సైకియాట్రీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నదాన్ని, చూసీచూడనట్టు ఊరుకోలేకపోతున్నాను. ఇలాంటివి నమ్మి చెప్పాపెట్టకుండా మందు మానేసి, మునుపటికన్నా దిగజారి మళ్లీ అడ్మిట్ అయినవాళ్లను చూశాను.

ముందు మత్తు సంగతి. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎస్సెస్సారై మాత్రలు మత్తు మందులు కావు. అసలు గుణం కనిపించడానికే 2 నుంచి 4 వారాలు పడుతుంది. అలవాటుపడే ప్రమాదం ఆందోళన తగ్గడానికి, నిద్రకు ఇచ్చే డయాజిపామ్, ఆల్‌ప్రజోలామ్ లాంటి వాటితో ఉంది, అందుకే వాటిని కొద్ది రోజులకే రాయాలి. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

జీవితాంతం అన్నదీ అందరికీ వర్తించదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు సాధారణంగా, తగ్గాక మరో 6 నుంచి 9 నెలలు వాడించి, డోసు మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఉన్నపళంగా మానేస్తే తల తిరుగుతుంది, చిరాకు, నిద్ర పట్టదు. దాన్ని చూసే జనం వ్యసనం అనుకుంటారు. బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే జబ్బు) ఉన్న చాలామందికి మాత్రం ఏళ్ల తరబడి మందు కావాలి. ఆ మాట దాచను.

షాక్ ట్రీట్‌మెంట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు ఇవ్వకుండానే చేసేవారు, జనంలో భయం అప్పటిది. ఇప్పుడు పద్ధతి ప్రకారం చేసేచోట మత్తు ఇంజెక్షన్, కండరాలు సడలే మందు ఇస్తారు. పళ్ల మధ్య మెత్తటి అడ్డు పెడతాం, ఆక్సిజన్ అందిస్తాం. తలకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి తెప్పించే ఫిట్సే ఇందులో చికిత్స, అవి సాధారణంగా నిమిషం లోపే ఆగిపోతాయి. ఒక్కోసారి బయటికి కనిపించేది కాలివేళ్లు సన్నగా అదరడం మాత్రమే. తెలివొచ్చాక "నేనెక్కడున్నాను?" అని అడుగుతారు. పక్కనే ఉండి పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నారో, ఏ రోజో నిదానంగా చెబుతాం. మతిమరుపు వస్తుందన్నది నిజమే. ఎక్కువగా ఆ వారాల సంగతులు చెదురుతాయి, కొందరికి పాత జ్ఞాపకాల్లోనూ ఖాళీలు మిగులుతాయి. ఆ విషయం ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. అయినా తిండీ నీళ్లూ మానేసి మంచానికి అతుక్కుపోయిన మనిషిని ఇంత త్వరగా లేపే చికిత్సలు చాలా తక్కువ.

కట్టేయడం గురించి అడిగితే, అన్యాయంగా కట్టేసిన చోట్లు ఉన్నాయి, దాన్ని ఎవరూ సమర్థించకూడదు. అది అన్ని దారులూ మూసుకుపోయాక, కాసేపటికి మాత్రమే వాడాల్సినది. అప్పుడూ మనిషిని వదిలి వెళ్లకూడదు. వేళ్లు చల్లబడుతున్నాయా, దాహమేస్తోందా అని చూస్తూ వీలైనంత త్వరగా విప్పాలి. మా పని ఎక్కువగా అంతకు ముందే జరుగుతుంది. పిడికిళ్లు బిగించి వరండాలో తిరుగుతున్న మనిషికి అడ్డంగా నిలబడం. కాస్త దూరంగా, పక్కకు తిరిగి నిలబడి, గొంతు తగ్గించి, "మంచినీళ్లు తెమ్మంటారా?" అని అడుగుతాం.

ఇక చివరి మాట పూర్తిగా తప్పు. అడిగినంత మాత్రాన ఆత్మహత్య ఆలోచన పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక రాత్రి ఒకావిడ మంచం పక్కన కూర్చుని, "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగానే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మింగకుండా దాచుకున్న మాత్రలు దిండు కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది.