పాలోళ్ల మైలకు క్లెయిమ్ వస్తుందా?

హనుమకొండ మధ్యతరగతిని ఇప్పుడొక గంభీరమైన ప్రశ్న పీడిస్తోంది. మామునూరులో విమానం ఎప్పుడు దిగుతుందన్నది కాదు. ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది, ఎదురుచూడటంలో మనం ఇప్పటికే పీహెచ్‌డీ చేశాం. మిర్చి ధర కూడా కాదు, దాని సంగతి ఎనుమాముల మార్కెట్ చూసుకుంటుంది. అసలు ప్రశ్న ఇది: పాతికేళ్ల విహారానికి ముందే డబ్బు కట్టేసిన మనిషి, వెళ్లే ప్రతిసారీ ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలా, అక్కర్లేదా? దీనిమీద శాసనసభలో ఇంతవరకు స్వల్పకాలిక చర్చ కూడా జరగలేదు. అందుకని ఆ బరువు ఈ కాలమ్ ఎత్తుకుంటోంది.

టైమ్‌షేర్ అంటే తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. క్లబ్బుకు కొన్ని లక్షలు కడతారు, చేతిలో లేకపోతే కిస్తీల్లో కడతారు. బదులుగా ఏటా ఆరు రాత్రులు, ఏడు పగళ్లు ఆ క్లబ్బు రిసార్టుల్లో ఉండే హక్కు వస్తుంది. గడువు ఎక్కువగా 25 ఏళ్లు. ఏ కాలంలో వెళ్లవచ్చో రంగులు చెబుతాయి, మంచి రంగు కావాలంటే ఎక్కువ డబ్బు. ఇది కాక ఏడాదికోసారి నిర్వహణ రుసుము. అది వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి, ఏటా పెరుగుతుంటే చూస్తూ కట్టాలి. తిండి ఖర్చు వేరే.

ఇందులోకి మనుషులు ఎలా వస్తారన్నది కూడా గమనించదగ్గ విషయమే. షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర నింపిన కూపన్‌కు నెల తర్వాత ఫోన్ వస్తుంది. "సార్, మీకు గిఫ్ట్ వచ్చింది, మేడంతో కలిసి రావాలి." మేడం లేకుండా వెళ్తే గిఫ్ట్ లేదు. ఒక్కరే సంతకం పెడితే రెండోవారు ఇంటికొచ్చాక తిట్టే ప్రమాదం ఉంది కదా. ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి ఒప్పిస్తే, తర్వాత ఎవరు ఎవరిని తిట్టాలో తేలదు. కాపురాలు నిలబెట్టే ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇంకా పట్టించుకోలేదు. ఈ ఆఫర్ ఈ ఒక్కరోజే అంటారు. మరుసటి ఆదివారం ఇంకో జంటకు కూడా అదే ఒక్కరోజు.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. బీమా శాస్త్రంలో మూలసూత్రం ఒకటుంది: నష్టం అనేది జరగొచ్చు, జరగకపోవచ్చు అన్నట్టుగా ఉండాలి. ఖాయంగా జరిగే నష్టానికి ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు. టైమ్‌షేర్‌తో పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ప్రయాణం రద్దయితే పాలసీ ఏమిస్తుంది? ముందే కట్టి, తిరిగిరాని డబ్బు ఇస్తుంది. దానికి బిల్లు అడుగుతుంది. విమానం టికెట్టుకు బిల్లు ఉంటుంది, ట్యాక్సీకి ఉంటుంది. రిసార్ట్ గదికి? సభ్యుడి దగ్గర ఉన్నది బిల్లు కాదు, "మీ ఖాతాలో నుంచి ఆరు రోజులు తగ్గించాం" అనే మెసేజ్. ఆఖరి నిమిషంలో మానుకుంటే క్లబ్బు రోజులు కోసేసుకుంటుంది. క్లబ్బు లెక్క రోజుల్లో ఉంటుంది, బీమా కంపెనీ లెక్క రూపాయల్లో ఉంటుంది. ఈ రెంటికీ మారకం రేటును రిజర్వ్ బ్యాంకు కూడా ప్రకటించలేదు. నిర్వహణ రుసుము చూపిద్దామా అంటే, అది ఈ ప్రయాణం కోసం కట్టింది కాదు, ఏడాదికి కట్టింది. ప్రయాణం లేకపోయినా కట్టేవాడివే కదా అని కంపెనీ అంటే, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు.

కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం. సభ్యత్వానికి అయిదు లక్షలు కట్టారనుకోండి. పాతికేళ్లకు పంచితే ఏడాదికి 20 వేలు. రుసుము ఇంకో 20 వేలు అనుకోండి. ఆరు రాత్రులకు 40 వేలు, అంటే రాత్రికి 6,600 పైచిలుకు. అదే అయిదు లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసుకుంటే ఏటా 35 వేలు, కట్టనక్కర్లేని రుసుము 20 వేలు, కలిపి 55 వేలు చేతిలో ఉంటాయి. అసలు అసలుగానే ఉంటుంది. ఈ లెక్క మా బామ్మర్దికి చూపించాను. ఆయన క్లబ్బు సభ్యుడు.

"లెక్కలు నాకు చెప్పకు బావా. సమ్మర్ల రూమ్ దొరకదు, జూలైల దొరుకుతది. జూలైల పోరగాండ్లకు బడి ఉంటది. గిదానికి ఏమన్న పాలసీ ఉంటే చెప్పు" అన్నాడు.

లేదు. గది దొరకకపోవడం ప్రమాదం కాదు, ఏర్పాటు.

ఇప్పుడు అసలైన చిక్కుముడికి వద్దాం. పాలసీలో "సమీప కుటుంబ సభ్యులు" అనే మాటకు నిర్వచనం రాసి ఉంటుంది. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, చాలా పాలసీల్లో తోబుట్టువులు, కొన్నిట్లో అత్తమామలు. వీళ్లలో ఎవరైనా చనిపోయినా, ఆస్పత్రి పాలైనా ప్రయాణం మానుకుంటే క్లెయిమ్ ఇస్తారు. ఈ నిర్వచనం రాసిన పెద్దమనిషి ఎక్కడివాడో గానీ వర్ధన్నపేట వైపు మాత్రం ఎప్పుడూ వచ్చి ఉండడు. ఆయన నిర్వచనంలో పాలోళ్లు లేరు.

పాలోళ్లు అంటే మామూలు చుట్టాలు కారు. ఇంటిపేరు ఒకటే, మూలపురుషుడు ఒకడే, పొలం గట్టు దగ్గర మాత్రం తాతల నాటి పంచాయితీ నడుస్తుంటుంది. పదేళ్లుగా మాటల్లేకపోవచ్చు. కానీ ఆ ఇంట్లో తొంభై ఏళ్ల తాత కన్నుమూస్తే ఈ ఇంట్లో మైల పడుతుంది. పదకొండో రోజు దినాలు అయ్యేదాకా గుడికి పోవద్దు, పండుగ చేయొద్దు, సూట్‌కేసు కిందికి దించొద్దు. ఊటీలో గది బుక్ అయి ఉందని కులపెద్దకు చెప్పి చూడండి. "గది యాడికన్న పోతదా? ముసలాయన పోయిండు" అంటాడు. గది నిజంగానే ఎక్కడికీ పోదు. పోయేవి మన ఆరు రోజులు.

క్లెయిమ్ పెట్టాలంటే చుట్టరికం రుజువు చేయాలి. పాలోడని చెప్పే ఏకైక ప్రభుత్వ దస్తావేజు భూమి రికార్డు. ధరణి వచ్చినప్పుడు మన రెండు గుంటలు ఆయన ఖాతాలో పడ్డాయి, భూభారతి వచ్చాక కూడా అక్కడే ఉన్నాయి. ఇంతకంటే దగ్గరి సంబంధం ఏం కావాలి? అయినా కంపెనీ ఒప్పుకోదు.

సరే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోదామంటే, పాలసీలో "వ్యక్తిగత బాధ్యత" అనే విభాగం ఒకటి కనిపిస్తుంది. మనవల్ల ఇతరులకు జరిగిన నష్టానికి అది పనిచేస్తుంది. "దినాలకు రాకుండ ఊటీకి పోయిండు" అన్న మాటకు పనిచేయదు. క్లబ్బు సభ్యత్వానికి పాతికేళ్ల గడువుంది. ఈ మాటకు గడువు లేదు. మనవరాలి పెళ్లిచూపుల్లో కూడా ఎవరో ఒకరు దీన్ని గుర్తుచేస్తారు.

పెళ్లిళ్లదీ ఇదే వరుస. చావుకైనా ఒక కాలమ్ ఉంది గానీ, మేనబావ బిడ్డ పెళ్లి పడిందని మానుకుంటే ఏ పాలసీ పైసా ఇవ్వదు. పెళ్లి అనేది ఊహించని సంఘటన కాదట. పంతులుగారు పన్నెండు రోజుల ముందు ముహూర్తం పెట్టే ఇళ్లను ఆ కంపెనీ వాళ్లు చూడలేదు. అందుకే మా వదిన ఒక మార్గం కనిపెట్టింది: రిసార్ట్ గదులన్నీ మూఢంలోనే బుక్ చేస్తుంది. పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. ప్రీమియం పంచాంగం ధర. అయితే పాలోళ్లు మూఢం చూసుకుని చనిపోరు కాబట్టి ఇది సంపూర్ణ రక్షణ కాదని వినియోగదారులు గమనించాలి.

దారి సంగతి కూడా చూడాలి. మామునూరు తెరుచుకునేదాకా మనకు విమానం అంటే శంషాబాదే. జనగామ, భువనగిరి హాయిగా దాటేస్తాం. తర్వాత నారపల్లి నుంచి ఉప్పల్ దాకా, 2018లో పనులు మొదలైన ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలను ఒక్కొక్కటిగా పలకరించుకుంటూ పోవాలి. ఆ కింద ఇరుక్కుని విమానం తప్పిపోతే, సొంత కారులో ట్రాఫిక్ వల్ల తప్పిన విమానానికి సాధారణంగా క్లెయిమ్ రాదు. అక్కడ రద్దీ ఉంటుందని ముందే తెలుసు కదా అంటారు. ఎవరికి తెలియదు? పైగా పడమటి ప్రయాణానికి శుక్రవారం, ఆదివారం వారశూల. వారాంతపు ట్రిప్పులన్నీ ఆ రెండు రోజుల్లోనే బయల్దేరతాయి. పోనీ బస్సులో వెళదామంటే, మేడారం జాతర ఏడాదిలో ఆర్టీసీ బస్సులు వనదేవతల దారి పట్టి ఉంటాయి. జాతర తేదీలు ముందే ప్రకటిస్తారు, కాబట్టి అదీ ఊహించని ఘటన కాదు.

నిజంగా ఊహించనిది ఒకటి జరిగింది. 2024 సెప్టెంబరు ఒకటిన వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. విజయవాడ వైపు రైళ్లు ఆగిపోయాయి. రైల్వే తానుగా రైలు రద్దు చేస్తే టికెట్టు డబ్బు పూర్తిగా వాపస్ ఇస్తుంది. డబ్బు వచ్చేసింది కాబట్టి ఆ టికెట్టుకు బీమా కంపెనీ మళ్లీ ఇచ్చేదేమీ ఉండదు. క్లబ్బు కోసుకున్న రోజులు మాత్రం తిరిగిరావు. నిబంధన ప్రకారం చివరి నిమిషం రద్దు అంటే రద్దే.

సామాను విభాగం గురించి ఎక్కువ చెప్పను. రిసార్ట్‌లో ప్లేట్ ఇడ్లీ ధర చూసినవాళ్లు రెండోసారి కిలో బియ్యం, ఎల్లిపాయ కారం, మామిడికాయ తొక్కు, డబ్బాడు సకినాలు తీసుకుని వెళతారు. ఆ బ్యాగు విమానయాన సంస్థ పోగొడితే పరిహారం వస్తుంది. అయితే ఎయిర్‌పోర్టులోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి కాగితం తీసుకోవాలి. తినుబండారాలు, పాడైపోయే వస్తువులు లెక్కలోకి రావు. తొక్కు కారి పట్టుచీర పాడైతే అది తొక్కుకూ చీరకూ మధ్య వ్యవహారం.

25 ఏళ్లంటే ఎంత కాలమో మనకు తెలిసినంత బాగా దేశంలో ఇంకెవరికీ తెలియదు. 2001లో సభ్యత్వం తీసుకున్న హనుమకొండ మనిషిని ఊహించుకోండి. ఫారంలో రాసిన చిరునామా: వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా వరంగల్ అర్బన్ అయింది. 2021లో అది హనుమకొండ జిల్లా అయింది. బండి నంబరు ఏపీ 36 నుంచి టీఎస్ 03కి, 2024 తర్వాత కొనుంటే టీజీకి వచ్చింది. ఇల్లు కదల్లేదు, మనిషి కదల్లేదు, చాలా ఏళ్లు ఆ విహారయాత్రకూ కదల్లేదు. క్లబ్బు రికార్డులో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా, పాలసీలో మూడో జిల్లా. క్లెయిమ్ పెట్టినప్పుడు ముగ్గురూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ ఇచ్చుకోవాలి.

అయితే ఇన్సూరెన్స్ అంతా వట్టిదేనా అంటే, తొందరపడవద్దు. రైలు ఈ-టికెట్టు బుక్ చేసేటప్పుడు 45 పైసలకు బీమా ఇస్తారు. రైలు ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 2 లక్షల దాకా. కౌంటర్‌లో కొన్న టికెట్టుకు ఇది ఉండదు. లక్షలు పోసి సభ్యత్వం కొన్నవాడు ఈ 45 పైసల గడిలో టిక్కు పెట్టడానికి ఆలోచిస్తాడు, పెట్టినా నామినీ పేరు నింపమని వచ్చిన లింకు తెరవడు. అది ముందు తెరవండి. దేశంలోపల ప్రయాణానికి హెల్త్ పాలసీ ఉంటే అది ఊటీలోనూ పనిచేస్తుంది, దానిమీద ఇంకో పాలసీకి పెద్దగా పని లేదు. విమానం టికెట్లు వాపస్ రానివై, వెంట పెద్దవాళ్లు వస్తుంటే మాత్రం కొన్ని వందలు పెట్టి తీసుకోవడం తెలివే. షుగరు, బీపీ దాచకుండా రాయాలి. పాత జబ్బులకు వర్తించదన్న వాక్యం ఎక్కడుందో వెతికి చదవాలి. దావత్ తర్వాత జరిగిన ప్రమాదాలకు వర్తించదన్న వాక్యం కూడా దాని పక్కనే ఉంటుంది. మగవాళ్లు దాన్ని గట్టిగా చదివితే బాగుంటుంది.

క్లబ్బు రోజులను మార్చుకుని విదేశంలో రిసార్ట్ తీసుకుంటే ఇక చర్చే లేదు, పాలసీ తీసుకుని తీరాలి. యూరప్ దేశాల షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపిస్తేనే దరఖాస్తు ముట్టుకుంటారు. అక్కడ కాలు విరిగితే మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోవడం కుదరదు.

ఇవన్నీ విని విసిగిపోయి సభ్యత్వం అమ్మేద్దామనుకుంటారు కొందరు. కొనేవాళ్లు దొరకరు. అప్పుడే ఒక ఫోన్ వస్తుంది. చాలా మర్యాదగా మాట్లాడతారు, మన సభ్యత్వ నంబరు కూడా వాళ్లకు తెలుసు. మంచి ధరకు పార్టీ సిద్ధంగా ఉందని, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు, ఆ తర్వాత పన్ను, ఆ తర్వాత ఎన్‌ఓసీ చార్జీలు కట్టాలని చెబుతారు. కట్టాక ఆ నంబరు మోగదు. వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అలా పోయిన డబ్బుకు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెడదామా అని మా బామ్మర్ది ఆశగా అడిగాడు. నిబంధనలన్నీ తిరగేశాను. పాలసీ ప్రయాణికుడికే వర్తిస్తుంది. ఇక్కడ ప్రయాణం చేసింది డబ్బు ఒక్కటే, అదీ రిటర్న్ టికెట్టు లేకుండా.