కుక్క కాటు మీద కారం పెట్టకండి

హనుమకొండలో మా బంధువులు, ఇరుగుపొరుగు అందరి ఫోన్లలోనూ ఒకే సందేశం తిరుగుతోంది. "కుక్క కరిస్తే కారం, సున్నం పట్టించి కట్టు కట్టండి. పది రోజులు కుక్కను గమనించండి, అది బతికుంటే సూది అవసరం లేదు. గోళ్లు గీసుకున్నా, కోతి కరిచినా భయం లేదు. ఆసుపత్రికి వెళితే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు." నర్సుగా ఏళ్ల తరబడి ఈ సూదులు వేసినదాన్ని. దీన్ని నమ్మితే రేబిస్ జబ్బుతో ప్రాణం పోతుందని తెలిసే రాస్తున్నాను.

ముందు కారం సంగతి. మొన్న మా వీధిలో ఏడేళ్ల పిల్లవాడి పిక్కను కుక్క పట్టుకుంది. నేను వెళ్లేసరికి వాళ్ల నాయనమ్మ గాయానికి కారం అద్ది, పాత చీర పేలికతో బిగించేసింది. పిల్లవాడి గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. కట్టు విప్పి, కాలు కుళాయి కింద పెట్టించి, బట్టల సబ్బుతో కడగడం మొదలుపెట్టాను. కాలవలోకి పోయే ఎర్రటి నీళ్లలో కారమేదో, నెత్తురేదో తెలియలేదు. "ఇంకెంతసేపు బిడ్డా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగాను. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను చీల్చేస్తుంది, పారే నీరు వైరస్‌ను కడిగేస్తుంది. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి గాయాన్ని రేపుతాయి తప్ప ఆ పని చేయలేవు. బిగించి కట్టు కట్టడమూ తప్పే.

పది రోజుల మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ఎక్కువ ప్రమాదం. చొంగలో వైరస్ ఉన్న కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. అయితే గమనించడం మొదటి సూది వేయించుకున్నాక చేసే పని. పదో రోజుకు కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన సూదులు ఆపవచ్చా లేదా అన్నది డాక్టరు చెబుతారు. అసలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద కరిచి పారిపోయిన కుక్కను ఎక్కడని వెతుకుతాం? మనం వెతుకుతుండగానే వైరస్ నరాల వెంట మెదడు వైపు పాకుతుంటుంది. లక్షణాలు కనిపించాక, నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోయే దశకు వచ్చాక, కాపాడే మందు లేదు. ఇప్పటికే నాలుగు రోజులు గడిచాయని ఊరుకోకండి, ఈ రోజే వెళ్లండి.

బొడ్డు చుట్టూ సూదులు పాత కథ. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ టీకాను మన దేశంలో ఆపేసి దాదాపు ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు జబ్బల మీద, చర్మంలోకి కొద్దికొద్దిగా వేస్తారు. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో వెళ్లాలి. కండకు వేసే పద్ధతిలో అయితే 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. గర్భిణులూ వేయించుకోవచ్చు.

గీరుడు గురించి ఇంకాస్త చెప్పాలి. నెత్తురు రాకుండా గీసుకున్నా టీకా కావాలి. చర్మం చీలి నెత్తురు వచ్చినా, పుండు మీద నాకినా, టీకాతోపాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించాలి. టీకా వల్ల శరీరంలో రక్షణ తయారు కావడానికి వారం పైనే పడుతుంది. ఆలోగా గాయం దగ్గరే వైరస్‌ను అడ్డుకునేది ఇదే. చాలామంది ఈ మందు లేకుండా టీకా మాత్రమే వేయించుకుని ఇంటికి వెళ్లిపోతారు. అడగండి, తప్పకుండా అడగండి. మొదటి టీకా వేసిన ఏడు రోజులలోపే దీన్ని ఇవ్వాలి.

కోతి మనకు దేవుడితో సమానమే, కానీ దాని కాటుకూ ఇదే వైద్యం.

మా వీధి పిల్లవాడికి రెండు సూదులు పడ్డాయి. "కోడికూర పెట్టొచ్చా?" అని నాయనమ్మ అడిగింది. పథ్యమేమీ లేదు, పెట్టమన్నాను. ఆవిడ క్యాలెండర్‌లో తర్వాతి రెండు తేదీల చుట్టూ పెన్సిల్‌తో గుండ్రాలు గీసి ఉన్నాయి.