నోటిమాట తొంభై, నెత్తురు ముప్పై

మనిషి మాట మీద నమ్మకం పోయినవాళ్లు హెచ్‌ఐవీ నివారణ ట్రయల్స్ ప్రశ్నావళులు ఒకసారి తిరగెయ్యాలి. అంత క్రమశిక్షణ గల జనం భూమ్మీద ఇంకెక్కడా కనిపించరు.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 2009-12 మధ్య జరిగిన 'వాయిస్' ట్రయల్‌లో 5,029 మంది మహిళలు రోజూ మాత్రో జెల్లో వాడాలి. వాళ్ల నోటిమాట ప్రకారం వాడకం 90 శాతం. వాడగా మిగిలాయని క్లినిక్‌కి వెనక్కి తెచ్చినవి లెక్కబెడితే 86. రక్తం ఒక్కటే మర్యాద మరిచింది: మందు ఆనవాలు 25-30 శాతం నమూనాల్లోనే దొరికింది. పాపం, డబ్బాకేం తెలుసు? క్లినిక్‌కి బయల్దేరే ముందు మిగిలిన మాత్రలు పారేస్తే అది బుద్ధిగా ఖాళీగానే వస్తుంది.

ఇందులో ఆడవాళ్లను ఆడిపోసుకోవాల్సిందేమీ లేదు, ఏర్పాటే అలాంటిది. మందు, కండోమ్ తప్పకుండా వాడమని నచ్చజెప్పేదీ, వాడారా అని పెన్ను పట్టుకుని అడిగేదీ ఒకే క్లినిక్ సిబ్బంది. అవునంటే టిక్కు పెట్టి పంపేస్తారు. లేదంటే కౌన్సెలింగ్ మళ్లీ మొదటికొస్తుంది. పైగా ట్రయల్ నుంచి తీసేస్తే ఉచిత వైద్యం పోతుందన్న బెంగ. ఇక్కడ నిజం చెప్పడానికి హరిశ్చంద్రుడే దిగిరావాలి.

దక్షిణాఫ్రికాలోనే క్యారాగార్డ్ అనే హెచ్‌ఐవీ నివారణ జెల్ పరీక్షించినవాళ్లు తిరిగొచ్చిన అప్లికేటర్లకు (జెల్‌ను యోనిలోకి పంపే గొట్టాలకు) రంగు పట్టించి చూశారు. లోపల పెట్టినదేదో, ఊరికే ఖాళీ చేసినదేదో తెలిసిపోతుంది. చివరి కలయికలో వాడామన్నది 96 శాతం. రంగు చెప్పిన లెక్కలో జెల్ వాడిన కలయికలు 42 శాతం.

జింబాబ్వేలో మరో అడుగు ముందుకేశారు. వీర్యంలోని పీఎస్ఏ అనే ప్రోటీన్ యోని నమూనాలో సుమారు 2 రోజులే నిలుస్తుంది. అది దొరికిన 196 మందిలో 23 మంది ఆ 2 రోజుల్లో అసలు కలయికే లేదన్నారు, 71 మంది కండోమ్ లేకుండా జరగలేదన్నారు. మనిషి ముందు సిగ్గుపడతారని కంప్యూటర్‌తో అడిగించినా పెద్దగా ఒరిగింది లేదు. గుర్తుంచుకోవాలి: 'గత 3 నెలల్లో' అని అడిగి పీఎస్ఏతో సరిచూసే పండితులకు సన్మానం చేయొచ్చు గానీ, ఫలితం మాత్రం రాదు. పీఎస్ఏ దొరకలేదంటే కండోమ్ వాడినట్టూ కాదు.

మనమేం తక్కువ తినలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో జీవితకాల లైంగిక భాగస్వాములు మగవాళ్లకు సగటున 2.1, ఆడవాళ్లకు 1.7. కలయికకు ఇద్దరు కావాలి కాబట్టి రెండు సగటులూ దాదాపు కలవాలి. వయసుల తేడా, సర్వే తలుపు తట్టని సెక్స్ వర్కర్లు కొంత లెక్క సర్దుతారు. మిగతాది సర్దాల్సిన బాధ్యత మగవాళ్ల గొప్పలకూ, పక్క గదిలో అత్తగారు వింటుండగా జవాబిచ్చిన కోడళ్లకూ సమానంగా పంచాలి.