ఇస్త్రీ బండి దగ్గర ఆగిన పిల్ల

పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేయడానికి మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని మరీ వెళ్లే ఊరు అరుణాచలం. తమిళులకు అది తిరువణ్ణామలై. వినీషా ఉమాశంకర్‌ది ఆ ఊరే. బడి నుంచి ఇంటికి వస్తూ ఒకరోజు ఆ అమ్మాయి ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. బండి మనిషి పని ముగించి, పెట్టెలో కాలిన బొగ్గుల్ని చెత్తలోకి వంచేస్తున్నాడు. మనమంతా రోజూ చూసేదే. చొక్కాలు మడత నలగకుండా ఇంటికి తెచ్చుకుంటాం, అంతవరకే మన పని. ఆ చిన్నపిల్లకు మాత్రం ప్రశ్నలు పుట్టాయి. ఈ బొగ్గు ఎన్ని చెట్లు కొడితే వస్తుంది? రోజంతా ఈ పొగ పీల్చే మనిషి ఊపిరితిత్తులు ఏమైపోవాలి? తన తరగతికి మించిన భౌతికశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని నెలల తరబడి కూర్చుంది. సైకిల్ బండికి పైకప్పుగా సోలార్ పలకలు, కింద బ్యాటరీ, దాంతో నడిచే ఇస్త్రీ పెట్టె. ఇదీ ఆమె గీసిన బండి. అయిదు గంటలు మంచి ఎండ కాస్తే ఆరు గంటలు ఇస్త్రీ చేయొచ్చని లెక్క. పైగా బండి మనిషికి నాలుగు డబ్బులు వస్తాయని సెల్‌ఫోన్లు చార్జింగ్ పెట్టే ఏర్పాటు కూడా అందులో చేర్చింది.

ఆ బండికి 2020లో స్వీడన్ నుంచి బాలల వాతావరణ బహుమతి వచ్చింది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో దేశాధినేతల ముందు నిలబడి ఆ అమ్మాయి మాట్లాడింది. అందరికీ గుర్తుండిపోయింది ఆ వేదికే. మా మనసు మాత్రం ఆ సెల్‌ఫోన్ చార్జింగ్ దగ్గర ఆగిపోతుంది. సర్టిఫికెట్ కోసం ప్రాజెక్టు చేసే పిల్లకు అంత దూరం ఆలోచన పోదు. ఆ మనిషికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎంత మిగులుతుందో లెక్కేసుకున్న పిల్లకే పోతుంది. చదువుకు తోడుగా చేసే పని మనిషిని పెంచుతుందంటే మాకు అర్థమయ్యేది ఇదే.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే ప్రతివాళ్లూ బస్సు కిటికీలోంచి చూసే భువనగిరి గుట్ట దగ్గర అది మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల్ని వంద మందికి పైగా తెచ్చి ఆ బండ ఎక్కించారు. వడపోసి కొందరిని డార్జిలింగ్‌కు, తర్వాత లద్దాఖ్ చలిలోకి పంపారు. చివరికి మిగిలింది ఇద్దరే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఆ వయసు పిల్లల్ని అక్కడికి పంపొచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి నెల ముందే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. రికార్డు కోసం పిల్లల్ని మృత్యువు అంచుకు పంపమని మేం చెప్పం. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. రికార్డు వచ్చేసింది, సన్మానాలు అయిపోయాయి, ఇంక ఎక్కాల్సిన అవసరమే లేదు. అయినా ఆ అమ్మాయి ఆగలేదు. ఒక్కో ఖండంలో ఒక్కో ఎత్తైన శిఖరం ఎక్కుతూ 2022లో ఏడు ఖండాలూ పూర్తి చేసింది. మొదట పంపింది గురుకులం. మిగతా ఎనిమిదేళ్లూ నడిపింది తన పట్టుదల.

మరి మన ఇళ్లలో, మన బళ్లలో ఏం జరుగుతోంది? ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్. టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ అని రాసి ఉంటుంది, ఆ గంటలో లెక్కల సారు వస్తారు. లైబ్రరీ పీరియడ్ ఏమైందో పిల్లలకే తెలియదు. ఇక సైన్స్ ఫెయిర్ సంగతి. ఏ ఊళ్లో చూసినా థర్మాకోల్ అగ్నిపర్వతం పొంగుతూనే ఉంటుంది, వంటసోడాకూ వెనిగర్‌కూ ఏటా అదే గిరాకీ. చార్టు మీది అందమైన అక్షరాలు అమ్మవి, వైరింగ్ నాన్నది, పిన్నుతో గుచ్చిన పేరు మాత్రం పిల్లాడిది. బీటెక్ ప్రాజెక్టును అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చని పేరుపడ్డ రాష్ట్రంలో, ఆ అలవాటు హైస్కూలుకు దిగడానికి ఎంతసేపు?

కాస్త డబ్బున్న ఇళ్లలో జబ్బు వేరే రకం. పిల్లల్ని అమెరికాలో చదివించాలనుకునేవాళ్లకు 'ప్రొఫైల్' కట్టిపెట్టే కన్సల్టెన్సీలు తయారయ్యాయి. తొమ్మిదో తరగతిలో ఒక ఎన్జీవో, పదిలో ఒక పరిశోధన పత్రం, పదకొండులో ఒక యాప్. పెళ్లి మండపం డెకరేషన్‌లా ప్యాకేజీ. ఇండియాలోనే కాదు, డాలస్‌లో, న్యూజెర్సీలో ఉంటున్న మన కుటుంబాల్లోనూ ఈ టెన్షన్ ఉంది. అక్కడ వెయ్యికి పైగా కాలేజీలు తీసుకునే కామన్ యాప్ దరఖాస్తులో చదువు బయటి పనులు రాసుకోవడానికి పది గళ్లు ఉంటాయి. పదీ నింపకపోతే సీటు రాదన్నట్టు తల్లిదండ్రులు కంగారు పడిపోతారు. అందరూ కలలుగనే ఎంఐటీ తన సొంత దరఖాస్తులో నాలుగే అడుగుతుంది. ఆ నాలుగైనా పిల్లలు మనస్ఫూర్తిగా చేశారా అన్నదే అసలు సంగతి.

తల్లిదండ్రులను తప్పుపట్టి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. ఆటో నడిపే తండ్రికి కొడుకు ర్యాంకే నిచ్చెన. జేఈఈలో సోలార్ బండికి ఒక్క మార్కు కూడా లేదు. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి క్రీడల్లో రాణించినవాళ్లకు ఒక్కో బీటెక్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది, తర్వాత కళలకూ అలాగే దారి తీసింది. కానీ వాళ్లూ జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. ఈ లెక్క తెలిసిన తండ్రి, పిల్లాడు పాత మోటారు విప్పుకుని కూర్చుంటే 'ముందు చదువు, తర్వాత అవన్నీ' అనడా మరి? ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఫలితాలు వచ్చిన మర్నాడు పేజీల నిండా ర్యాంకుల ఫొటోలు అచ్చేసేది పత్రికలే. అందులో మేమూ ఉన్నాం.

అయినా చేయగలిగింది చాలా ఉంది, దానికి కొత్త పథకాలు కూడా అక్కర్లేదు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకుని, రోజువారీ ఏం చేశారో లాగ్‌బుక్‌లో రాయాలన్న నియమం ఉంది. బడిపిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు ఎంపికైన ఆలోచనకు పది వేల రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో పడతాయి. పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసే ప్రయోగశాల అటల్ టింకరింగ్ ల్యాబ్. అది వచ్చిన బడికి 20 లక్షల దాకా సాయం ఉంది. ఇలాంటివి దేశంలో పది వేలు పెట్టారు, ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. డబ్బు కన్నా మా అనుమానం తాళం మీద. ఆ గది తాళం హెడ్‌మాస్టర్ బీరువాలో ఉంటుందా, తొమ్మిదో తరగతి పిల్లల చేతికి వస్తుందా? త్రీడీ ప్రింటర్ పాడవుతుందని గుడ్డ కప్పి ఉంచే బడికి 20 లక్షలు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. పాడుచేసే హక్కు కూడా పిల్లలకు ఇవ్వాలి. చెడిన వస్తువుకు లెక్క చెప్పాల్సిన భయం టీచర్లకు లేకుండా విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ మేం అడిగేది మరో రెండు పనులు. ఒకటి, శనివారం చివరి రెండు పీరియడ్లు ఏ సబ్జెక్టుకూ ఇవ్వకుండా పిల్లలకు వదలాలి, తనిఖీకి వచ్చినప్పుడు సిలబస్‌తో పాటు ఆ రెండు పీరియడ్లనూ అడగాలి. రెండోది, జిల్లా సైన్స్ ఫెయిర్లలో సగం మార్కులు మోడల్‌కు కాకుండా లాగ్‌బుక్‌కు వేయాలి. కొట్టివేతలు, నూనె మరకలు, 'ఈరోజు వెలగలేదు' అని పెన్సిల్‌తో రాసిన పేజీ ఉన్న లాగ్‌బుక్‌కు. అలాంటి పేజీని అమీర్‌పేటలో ఇంకా ఎవరూ అమ్మడం లేదు.